లేని కాలి వైపు దిండు

1979 మార్చి 14, బుధవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు చిత్తూరులో మా ఇంటి గేటు ముందు ఒక నల్ల అంబాసిడర్ టాక్సీ ఆగింది. నేను రమ్మన్నది ఆరున్నరకు. ఇరవై నిమిషాలు ముందు వచ్చినందుకు ఆ డ్రైవరు మీద నాకు గౌరవం కలిగింది. ఆ గౌరవం ఊరు దాటేలోపే పోయింది. కారణం, ఆయన బండి నడుపుతూ నోరు మూసుకోరు.

ఆయన పోయారని మొన్న గురువారం తెలిసింది. వాళ్ల కూతురు వచ్చి వాకిట్లోనే నిలబడి, "నాయన పోయినాడమ్మా. టీచరమ్మకు మాత్రం మనిషి పోయి సెప్పల్లని ముందే సెప్పి పెట్టినాడు" అంది. కూర్చోమన్నా కూర్చోలేదు, ఇంకా నాలుగిళ్లకు చెప్పాలట. ఆమె వెళ్లాక నా పాత డైరీ తీశాను. తేదీలన్నీ అందులోవే, జ్ఞాపకం మీద ఆధారపడి రాయడం నాకు అలవాటు లేదు. ఆయన పేరు ఇక్కడ రాయను. పేరడిగిన వాళ్లకు ఆయన బండి నంబరు చెప్పేవారు. ఆ నంబరూ రాయను.

మనిషి పొడుగు కాదు. కుడి భుజం మీద నిమ్మకాయంత గడ్డ ఉండేది, చొక్కాలు ఆ వైపు వదులుగా కుట్టించుకునేవారు. మెడలో ఎప్పుడూ గళ్ల తువ్వాలు. స్టీరింగు పట్టుకునే ముందు రెండు అరచేతులూ తొడలకు తుడుచుకునేవారు, ఎండాకాలమైనా చలికాలమైనా. నోటిలో వక్కాకూ లేదు, బీడీ లేదు. ఉన్నదల్లా ఆ మాట. బండి మలుపు తిరగడానికి ముందు, సరిగ్గా ఒక్క ఊపిరి ముందు, వెనక కూర్చున్న వాళ్లకు వినబడేటట్టు చెప్పేవారు. "ఎడమకమ్మా." "కుడికి." "గతుకు." "ఆపుతా ఉండా." ఎవరినెక్కించుకున్నా అంతే.

ఆ రోజు బండిలో మేమిద్దరం కాక మిరియం ఉంది. మిరియం నల్లటి చిన్న కుక్క, తొమ్మిది కిలోలు. వీధిలో పుట్టింది. రెండేళ్లుగా రోజూ నా వెంట బడికి వచ్చి, నేను తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతుంటే కిటికీ కింద పడుకునేది. ఫిబ్రవరి 27న బడి గేటు ముందు లారీ చక్రం దాని ముందు ఎడమ కాలి మీదుగా పోయింది. తిరుపతి పశువుల ఆసుపత్రిలో ఆ కాలు భుజం దగ్గరికి తీసేశారు. కుట్లు పద్నాలుగు. ఆసుపత్రిలోనే ఉంచుదామంటే నాలుగు రోజులు గంజి కూడా ముట్టలేదు. దాంతో డాక్టరు ఆసుపత్రి జీపులో ఇంటికి పంపి, మూడు రోజులకొకసారి కట్టు మార్చడానికి తీసుకురమ్మన్నారు. చిత్తూరు నుంచి తిరుపతి డెబ్బై కిలోమీటర్లు. బస్సు కండక్టరును అడిగితే, "నాలుక్కాళ్లు ఉండేదాన్నే ఎక్కనియ్యము టీచరమ్మా, మూడు కాళ్లదాన్ని ఎట్ల ఎక్కిచ్చేది" అన్నాడు. మిగిలింది టాక్సీ.

నేను లెక్కల మనిషిని. ముందు వారం దాన్ని చూడడానికి ఆసుపత్రికి పోయేటప్పుడు బస్సు కిటికీ దగ్గర కూర్చుని మలుపులు లెక్కపెట్టాను. తిరుపతికి పోయేటప్పుడు ఎడమ మలుపులు అరవై ఒకటి, కుడి మలుపులు నలభై ఏడు. బండి ఎడమకు తిరిగితే ఒళ్లు కుడికి తూలుతుంది. తూలేది కుడికే ఎక్కువ కాబట్టి దిండు కుడివైపు పెట్టాలి. అలాగే పెట్టాను. నా లెక్క మీద నాకు ఎంత నమ్మకమంటే, మిరియాన్ని వెనక సీట్లో దిండు పక్కన కూర్చోబెట్టి, నేను ముందు సీట్లో పరీక్ష కాగితాలు తెరిచాను. నలభై రెండు కాగితాలు దిద్దాలి.

"ఎడమకమ్మా."

మూడో కాగితం దగ్గర ఓపిక పోయింది. "నువ్వు అరవకుండా నడుపు అప్పా. నాకు దారి తెలుసు" అన్నాను.

"మీకు సెప్పలేదమ్మా" అన్నారాయన.

"ఎవరికి చెప్పినా సరే, వద్దు."

ఆయన మళ్లీ నోరెత్తలేదు. పోయేటప్పుడు బాగానే పోయాం. డాక్టరు కట్టు మార్చి, కుట్లు లెక్కపెట్టి పద్నాలుగూ సరిగ్గా ఉన్నాయన్నారు. తిరుగు ప్రయాణంలో కాశిపెంట్ల దాటాక బండి ఒక కుడి మలుపు తీసుకుంది. మిరియం ఎడమకు తూలింది. ఆ వైపు కాలు లేదు, దిండు లేదు. ముఖం తలుపుకు కొట్టుకుని కింద పడింది. నేను వెనక్కి తిరిగి చూసేసరికి కట్టు ఎర్రబడింది. పూతలపట్టు దగ్గర చింతచెట్ల నీడలో బండి ఆపి కట్టు విప్పి చూశాం. నాలుగు కుట్లు తెగాయి.

"లెక్క సరిగ్గానే వేశానే" అన్నాను, ఆయనతో కాదు, నాతో నేనే.

ఆయన దిండు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఏం లెక్కమ్మా?"

చెప్పాను. అరవై ఒకటి, నలభై ఏడు.

ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. "పొయ్యేటప్పుడు ఎడమ అయింది వచ్చేటప్పుడు కుడి గదమ్మా" అన్నారు. నేను జవాబివ్వకముందే ఇంకో మాట కలిపారు. "అయినా మలుపుల్తో మనకేం పని. కాలు యాపక్క లేదో ఆపక్క గదా దిండు పెట్టేది."

అప్పటికి నేను లెక్కలు చెప్పడం మొదలుపెట్టి పదహారేళ్లు.

మర్నాడు, గురువారం, మళ్లీ తిరుపతికి బయలుదేరాం. ఈసారి దిండు మీద కూడా నమ్మకం లేక మిరియాన్ని ఒడిలో పెట్టుకుని వెనక కూర్చున్నాను. ఆయన్ను మాట్లాడమని చెప్పడానికి నాకు మొహమాటం అడ్డొచ్చింది. వద్దన్న మాట ఆయన తనంతట తాను మీరే మనిషి కాదు. చంద్రగిరి ముందు చెరుకు బండి ఒకటి అడ్డంగా వచ్చింది. ఆయన బ్రేకు వేశారు. నేను ముందు సీటుకు మోకాళ్లు ఆనించి నిలదొక్కుకున్నాను. మిరియం నా ఒడిలో నుంచి జారి, రెండు సీట్ల మధ్య సందులో పడింది. ఇంకో ఐదు కుట్లు.

డాక్టరు తొమ్మిదీ మళ్లీ కుట్టారు. చేతులు కడుక్కుంటూ నాతో, "టీచరుగారూ, అంచులు పల్చబడిపోయాయి. ఇంకోసారి తెగితే కుట్టడానికి చర్మం లేదు. గాయం చీము పడితే సూదిమందు వేసి నిద్రపుచ్చడం తప్ప నేను చేసేది ఉండదు. సోమవారం రండి. జాగ్రత్తగా తీసుకురాగలిగితేనే" అన్నారు. మిరియం మత్తులో ఉంది. నాలుక పక్కకు వేలాడుతోంది.

వరండాలో ఆయన నిలబడి అంతా విన్నారు. మిరియాన్ని బండిలోకి ఎత్తింది ఆయనే. ఎత్తేటప్పుడు ఎడమ వైపు తన గళ్ల తువ్వాలు నాలుగు మడతలు వేసి పెట్టి, దాని మీద ఆ లేని భుజం ఆనేట్టు చేశారు. అప్పుడడిగాను, ఇది ఎక్కడ నేర్చుకున్నావని.

"మేము సామి వాహనం మోసినోళ్లమమ్మా" అన్నారు. "మా ఊరి గుళ్లో. మా తాత, మా నాయన, నేను. మోసేవోళ్లంతా ఒకే పొడుగు ఉండరు గదా. పొట్టోడి భుజం మింద తువ్వాలు మడిచి పెట్టేది. మడత ఎంత అంటే, ఆయప్ప ఎంత తక్కువో అంత. పొడుగోణ్ణి వంగమని సెప్పకూడదు. వాహనం వాలితే పొడుగోళ్ల తప్పు కాదు, మడత పెట్టనోడి తప్పు."

"ఆ ఎడమ, కుడి అనేది?"

"వాహనం మోసే కట్టె కింద తల పెట్టినోడికి దోవ కనపడదమ్మా. ముందర ఒకడు నడుస్తా సెప్తాడు. ఎడమకు, కుడికి, గుంత, నిలు. సెప్పకుండా తిప్పితే పైనుండే సామి తూలతాడు." మిరియం వైపు తల ఊపి, "కుక్కక్కూడా దోవ కనపడదు గదా" అన్నారు.

ఆయన మొదటి రోజు మాట్లాడింది మిరియంతో. నేను వద్దన్నది అదే.

"ఇప్పుడు చెప్పు" అన్నాను. "నేను వద్దన్నాను, తప్పు నాది. చెప్పు."

"ఇప్పుడు నిద్రపోతా ఉండాది. ఊరికే లేపకూడదు. మూడు దినాలు నాకియ్యండమ్మా, సోమవారం సూద్దాము."

ఆ మూడు రోజులు ఆయన చేసిన పని నేను గంటలతో సహా రాసి పెట్టుకున్నాను. శుక్రవారం ఉదయం ఏడింటికి వరిగడ్డి మోపు తెచ్చి మా వాకిట్లో కూర్చున్నారు. గడ్డిని తడిపి, లావుగా పేని, చుట్లు చుట్టి కుండల కింద పెట్టే చుట్టకుదురు లాంటిది అల్లారు, బిందె పట్టేంత కాదు, కుక్క పట్టేంత. "కుండకు కాళ్లు ఉండాయా? అయినా కూసుంటుంది గదా" అన్నారు. ఎడమ వైపు అంచు నాలుగంగుళాలు ఎక్కువ ఎత్తు. దానిమీద తువ్వాలు మడత. అన్నిటికీ పైన తన పాత పంచె చుట్టి కుట్టారు.

తర్వాత బండి సంగతి. రెండు సీట్ల మధ్య సందులో ఊక నింపిన గోనెసంచులు రెండు కుక్కి వెనక సీటుతో సమం చేశారు, పడినా పడే చోటు లేకుండా. సీటు రెక్సిను జారుతుందని దాని మీద గోనెపట్టా పరిచి నాలుగు మూలలా కట్టారు. ఇంకో పంచె నుంచి జానెడు వెడల్పు పట్టీ చించి, మిరియం కడుపు కిందుగా నడుము మీదుగా చుట్టి, కొస సీటు వెనక ఇనప కడ్డీకి ముడి వేశారు. నేను మెడపట్టీకి కడదామన్నాను.

"మెడకు కడితే బ్రేకేసినప్పుడు ఉరి పడతాదమ్మా. నడుముకు కడితే ఒట్టి ఆనతాది."

చివరగా ఒక పలక. నాలుగడుగులది, పైన గోనె పరిచి మేకులు కొట్టి, బండి తలుపు దగ్గర వాలుగా పెట్టేది. మిరియానికి దాని మీద నడిచే ఓపిక ఇంకా రాలేదు కాబట్టి డిక్కీలో పెట్టారు.

ఇంతా చేసి ఆయన బండిని కదల్చలేదు. శనివారం మిరియాన్ని కుదురులో పెట్టి, నిలబడిన బండిలోనే రాగి సంగటి తినిపించారు. ఆదివారం ఇంజను వేసి, కదలకుండా, తినిపించారు. సాయంత్రం టాక్సీ స్టాండు దాకా రెండు ఫర్లాంగులు, పోతూ వస్తూ చాలాసార్లు, మనిషి నడిచే వేగంతో. ప్రతి మలుపుకు ముందు "ఎడమకు" అని, ఆ వైపు అరచేత్తో దాని పక్కను మెత్తగా నొక్కమని నాకు చెప్పారు. "మాట ముందు, సెయ్యి తర్వాత, మలుపు ఆఖర్న. వరస తప్పితే నమ్మదు." వరస తప్పకుండా చేయడం నాకు వచ్చు. ఆ రోజు ముప్పై నాలుగుసార్లు చేశాను.

స్టాండులో మిగతా డ్రైవర్లు కిటికీల దగ్గర మూగారు.

"ఏమబ్బా, టాక్సీలో ఉయ్యాల కట్టినావు, బారసాల ఎప్పుడు?"

"నువ్వు రాకుండా పెట్టుకుందామని దినం సూస్తా ఉండాను."

"వాహనం మోసిన భుజంతో కుక్కను మోస్తా ఉండావే. యాడి నుంచి యాడికి వచ్చినావబ్బా."

ఈ మాట అన్నవాడు వెటకారంగానే అన్నాడు. ఆయన చేతులు తొడలకు తుడుచుకుని, కోపం లేకుండా చెప్పారు. "మోసేవోడికి సామి కనపడడప్పా. మన వీపు సామి పక్క ఉంటాది. బరువొకటే తెలిసేది. కింద పడనీకుండా పోతే సాలు."

మార్చి 19, సోమవారం, ఉదయం ఆరున్నర. నేను వెనక సీట్లో, మిరియం కుదురులో, అద్దం నాలుగు వేళ్ల సందు మాత్రం తెరిచి. పరీక్ష కాగితాలు ఇంట్లో ఉన్నాయి. ఆయన మొదటి మలుపు నుంచీ మొదలుపెట్టారు. గొంతు పెంచకుండా, తొందర లేకుండా, పక్కన కూర్చున్న మనిషితో చెప్పినట్టు. "ఎడమకు." నేను నొక్కాను. "కుడికి." నొక్కాను. పూతలపట్టులో బండి ఆపి నీళ్లు పట్టాం. కాశిపెంట్లలో ఆపి కట్టు చూశాం, తెల్లగానే ఉంది. చింతకాయలు దులుపుతున్న వాళ్లు రోడ్డు మీద కుప్పలు పోశారు, ఆయన ఒక్కో కుప్పకూ "గతుకు" అన్నారు.

చంద్రగిరి ముందు, నాలుగు రోజుల కిందట చెరుకు బండి వచ్చిన చోటికి పది బారల దూరంలో, గొర్రెల మంద ఒకటి గట్టు దిగి రోడ్డు మీద పడింది. కాపరి వెనక ఎక్కడో ఉన్నాడు. ఆయన మెల్లగా ఆపే వ్యవధి లేదు.

"ఆపుతా ఉండా."

మాట ముందే వచ్చింది. బ్రేకు తర్వాత పడింది. నా చెయ్యి మాత్రం రాలేదు, నేను ముందు సీటు పట్టుకుని ఉన్నాను. మిరియం రొమ్ము దించి కుదురు అంచుకు ఆనించింది, ఎడమ భుజం తువ్వాలు మడతలోకి ఒత్తుకుంది. బండి ఆగింది. గొర్రెలు రెండు పక్కలా పోతున్నాయి. మిరియం తల ఎత్తి వాటిని చూసి ఒకసారి మొరిగింది. కాలు పోయినప్పటి నుంచి మొరగడం అదే మొదలు.

ఆయన వెనక్కి తిరగలేదు. "యెట్లుండాదమ్మా?"

కట్టు విప్పకుండానే చెప్పాను. "పద్నాలుగు."

ఆసుపత్రిలో డాక్టరు కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు లెక్కపెట్టారు. పద్నాలుగే. "ఏ బండిలో తెచ్చారు?" అని అడిగి, చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, అంబాసిడరు లోపలికి తల పెట్టి కుదురు, పట్టీ, ఊక సంచులు అన్నీ చూశారు. ఇంకో ఇద్దరు కుర్ర డాక్టర్లను పిలిచి చూపించారు. ఆయన తలుపు పట్టుకుని, పాఠం చెప్పే మనిషిలా ఒక్కొక్కటీ ఎందుకో చెప్పారు. మడత ఎంత ఎత్తో ఎలా తెలుస్తుందని ఒకరడిగితే, "ఎంత తక్కువో అంత" అన్నారు. వాళ్లు రాసుకున్నారు.

22, 25, 28, 31. ప్రతిసారీ పద్నాలుగు. 28వ తేదీ నుంచి నేను నొక్కడం మానేశాను, అవసరం లేదు. ఆయన "కుడికి" అనగానే మిరియం బరువు మార్చుకునేది, బండి ఇంకా తిన్నగా పోతుండగానే. 31న ఆయన పరీక్ష కోసం ఒక మలుపుకు చెప్పకుండా ఊరుకున్నారు. మెల్లగానే తిప్పారు, ఏమీ కాలేదు. కానీ మిరియం ఆయన వీపు వైపు చూసి గుర్రుమంది.

"తప్పేమ్మా, తప్పే" అన్నారు. నాతో కాదు.

ఏప్రిల్ 3, మంగళవారం, ఉదయం పది నలభైకి కుట్లు విప్పారు. బండి ఎక్కాక ఆయన చిత్తూరు దారి పట్టలేదు.

"ఇల్లు ఈ దోవ కాదే" అన్నాను.

"తెల్సమ్మా." ఇంకేమీ చెప్పలేదు, మలుపులు తప్ప.

అలిపిరిలో, మెట్లకు కాస్త దూరంగా ఆపి, డిక్కీలో నుంచి ఆ పలక తీశారు. వెనక తలుపు తెరిచి వాలుగా పెట్టారు. మూడు వారాలుగా మిరియాన్ని ఎక్కించడం, దించడం మేమే ఎత్తి చేసేవాళ్లం. ఈసారి నేను ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఈడ అందరూ నడిసే పోతారమ్మా. అదీ నడవనీ."

మిరియం పలక అంచు దాకా వచ్చి నిలబడింది. ఒక నిమిషం పట్టింది, గడియారం చూశాను. ఆయన పలకకు ఎడమ వైపు, ఆ లేని కాలి వైపు, మోకాళ్ల మీద కూర్చుని, కుడి భుజం పలకకు ఆనించారు. తాకలేదు, ఊరికే అక్కడుంచారు, ఆ గడ్డ ఉన్న భుజం. "కిందికి" అన్నారు. ఆ మాట అంతకు ముందెప్పుడూ నేర్పలేదు. మిరియం కుడి కాలు వేసింది. భుజాన్ని ఒకసారి ఒరుసుకుంటూ, మూడు కాళ్లతో, కింద దాకా వచ్చింది. అక్కడ ఆగకుండా మెట్ల వైపు గెంతుకుంటూ పోయి పదిహేడు మెట్లు ఎక్కి వెనక్కి తిరిగి, మేమెందుకు రావడం లేదో తెలియనట్టు చూసింది. నడిచి కొండెక్కే వాళ్లు ఆగి చూస్తున్నారు. ఒక పెద్దామె "గోవిందా" అంది. ఆయన కొండకు ఒక దండం పెట్టి, అదే చేత్తో మిరియాన్ని దిగి రమ్మన్నారు.

ఆ తర్వాత ఎనిమిదేళ్లు మిరియం ఆ బండిలో తిరిగింది. నేను ఎక్కడికి పోయినా అది వచ్చేది, కుదురు డిక్కీలోనే ఉండేది. స్టాండులో వెటకారం చేసిన డ్రైవరు ఒకరోజు గాజు సామాను తీసుకుపోతూ ఆ కుదురు అప్పడిగాడు. ఆయన ఇవ్వలేదు, ఇంకొకటి అల్లి ఇచ్చారు. బళ్లో నేను దూరాల లెక్క చెప్పినప్పుడల్లా తిరుగు ప్రయాణం కూడా వేయమనేదాన్ని. పిల్లలకు విసుగు. కారణం ఎవరికీ చెప్పలేదు.

ఆయన కర్మకు తిరుపతి దారిలోనే, వాళ్ల ఊరికి, అద్దె కారులో వెళ్లాను. కారు మంచిది, చల్లగా ఉంది, డ్రైవరు ఒక్క మాట మాట్లాడలేదు. పూతలపట్టు మలుపులో నేను ఎడమకు తూలి, మోచెయ్యి తలుపుకు తగిలింది.

"కుడికి అని చెప్పాలి అప్పా" అన్నాను.

"ఎవరికి మేడం?" అన్నాడు అద్దంలో చూస్తూ.

తిరుగు ప్రయాణంలో చెప్పాడు, పాపం, ప్రతి మలుపుకూ.

లెక్క రాసి ముగిస్తాను. పోయినవి: కాలు ఒకటి, ముందుది, ఎడమది. కుట్లు తొమ్మిది, నా లెక్క వల్ల నాలుగు, నా ఒడి వల్ల ఐదు. గళ్ల తువ్వాలు ఒకటి. పాత పంచెలు రెండు. వరిగడ్డి కుదుర్లు ఐదు, అరిగిపోయి. మిరియం, 1987 జూన్‌లో, ఐదో కుదురులో, నిద్రలో. ఆయన, ఈ నెల నాలుగున. 1979 మార్చి 19 నుంచి దారిలో పోయినవి: లేవు.